ఒక చీరకు ఎన్ని పేర్లు

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా చేనేత సంఘానికి ఒక వెబ్‌సైట్ కావాలన్న మాట పుట్టింది. మొదట ఎవరన్నారో అప్పుడు ఎవరూ ఒప్పుకోలేదు. సైట్ తయారై నలుగురూ మెచ్చుకున్నాక మాత్రం "నేనే అన్న" అని అయిదుగురు ముందుకొచ్చారు.

మాది పోచంపల్లి దాటి కొంచెం లోపలికి పోతే వచ్చే ఊరు. బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, రెండుసార్లు వెళ్తుంది. ముప్పై ఏళ్లు లెక్కల పాఠం చెప్పిన నాకు కూడా ఆ లెక్క తేలలేదు. నేను అప్పుడే బడి నుంచి రిటైరై ఇంట్లో ఉన్నాను. నా దగ్గర ఒక ల్యాప్‌టాప్ ఉంది, పైగా ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పేది నేనే. ఈ రెండు నేరాలకు శిక్షగా నన్ను వెబ్‌సైట్ కమిటీకి పెద్దను చేశారు. మా సంఘంలో పని తెలిసినవాడికి పని ఇస్తారు, తెలియనివాడికి పదవి ఇస్తారు. నాకు రెండూ ఇచ్చారంటే నా సంగతి ఏమనుకోవాలో ఇప్పటికీ తెలియదు.

అప్పటికి మా అన్న పోయి ఏడాది కాలేదు. మా చుట్టుపక్కల ఆయనంత బాగా నేసేవాడు లేడని పేరు. నగరం నుంచి వచ్చే దుకాణాల వాళ్లు ఆయన పేరు చెప్పి, "ఆయన డిజైన్లు చూపించండి" అని అడిగేవాళ్లు. ఆ డిజైన్లు వేసేది మా వదిన.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా వైపు చీరలో పువ్వు మగ్గం మీద పుట్టదు. అంతకు ముందే పుడుతుంది. గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి డిజైన్ గీస్తారు. నూలును చట్రానికి సాగదీసి, గీసిన ప్రకారం ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు పట్టీలతో గట్టిగా కడతారు. రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అదంతా అయ్యాక ఆ నూలు మగ్గం ఎక్కుతుంది. పువ్వును చేసేది కట్టినవాళ్లు, చీరను చేసేది నేసినవాళ్లు. మా ఇంట్లో గీసేది, కట్టేది వదిన. నేసేది అన్న. సంఘం కార్డు అన్న పేరున ఉంది. ఇంటికొక కార్డు, కార్డుకొక మగమనిషి, అదీ మా రివాజు. చీర మీద కట్టే చీటీ మీద కార్డులో ఉన్న పేరే ఉంటుంది.

అన్న పోగానే సంఘం మా ఇంటికి నూలు ఇవ్వడం ఆపేసింది. "నేసేటాయన పోయిండు గద, ఇగ ఎవరికియ్యాలె?" అన్నారు. వదిన ఊళ్లో వాళ్ల నూలు తెచ్చుకుని కూలికి కట్టడం మొదలుపెట్టింది. ఖాళీ మగ్గం పక్కనే కూర్చుని పరాయి ఇళ్ల నూలు కడుతుంటే చూడలేక నేను వరండాలోకి పోయి పేపరు చదువుకునేవాణ్ని. చదివింది ఒక్క ముక్క ఎక్కేది కాదు.

వెబ్‌సైట్ సంగతి తెలిసిన రోజే వదిన నా దగ్గరికి వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను ఎగతాళికి "సారూ" అని పిలుస్తుంది. ఆ ఎగతాళి అలవాటైపోయి చివరికి అదే నా పేరైంది.

"సారూ, గా సైటుల చీరెల ఫొటోలు వెడ్తరట గద?"

"పెడతాం వదినా."

"గా డిజైన్లు నేనే ఏస్త అని నలుగురికి ఎరుకైతే పని నా ఇంటికొస్తది. మగ్గం మీద కూసునేటోన్ని కిరాయికి తెచ్చుకుంట. పరాయోల్ల నూలు కట్టుడు తప్పుతది."

"అది నాకు వదిలెయ్ వదినా," అన్నాను. పెద్ద మొనగాణ్నైనట్టు అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోబుద్ధవుతుంది.

వెబ్‌సైట్ అంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదట. రాతలు, ఫొటోలు మనంతట మనమే పెట్టుకోవడానికి, మార్చుకోవడానికి వెనక ఒక ఏర్పాటు ఉండాలట. దాన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారని నేను చదివి చెప్పాను. సంఘం అధ్యక్షుడు ఆ మాటను రెండుసార్లు అనబోయి, "సిస్టం అందాం సారూ, చాలు" అన్నాడు. అలాంటివి మూడు మా ముందుకొచ్చాయి. మొదటిది ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు, తిప్పలు మాత్రం మనవి. రెండోది నెలనెలా కిరాయికి దొరికేది, అన్నీ అమర్చే ఉంటాయి, గోడకు మేకు కొట్టాలన్నా ఇంటి ఓనరును అడగాలి. మూడోది హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ మన అవసరానికి తగ్గట్టు మలిచి ఇచ్చేది.

ఏది మంచిదో తేల్చడానికి నేను ప్రశ్నపత్రం తయారుచేశాను. వంద మార్కులు. వాడటం సులువా, తెలుగు సరిగా కనపడుతుందా, ఫోనులో తెరుచుకుంటుందా, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఒకరు రాసిందాన్ని ఇంకొకరు చూసి ఒప్పుకునే వీలుందా. ఇలా పది ప్రశ్నలు, ఒక్కోదానికి పది మార్కులు. నా జన్మలో అంత అందమైన ప్రశ్నపత్రం తయారుచేయలేదు. కమిటీ దాన్ని చేతులు మార్చుకుంటూ చూసింది. తరువాత తమ ప్రశ్నలు చేర్చమంది. అధ్యక్షుడి ఫొటో ఎంత పెద్దగా వస్తుంది? అక్షరాలు ఇటు నుంచి అటు పరుగెత్తుతాయా? ఎంతమంది చూశారో అంకె కనపడుతుందా? ఇవి చేర్చేసరికి నా వంద నూట ముప్పై అయింది. వందకు నూట ముప్పై ఎలా వేస్తారని నేను గొడవపడ్డాను. "మార్కులెందుకు తక్కువ జేస్తరు సారూ, పోరగాల్లా ఏంది?" అన్నాడు అధ్యక్షుడు. నిజమే మరి.

మా సంఘం గదికి ఆడవాళ్లు మీటింగుకని రారు. కట్టిన నూలు ఇవ్వడానికి వస్తారు, ఇచ్చి కాసేపు గడప దగ్గర నిలబడతారు, విని పోతారు. ఆ రోజు వదిన కూలికి కట్టిన పరాయి ఇళ్ల నూలు దించి గడప దగ్గర నిలబడింది. నేను ప్రశ్నలు చదవడం అయిపోగానే అడిగింది.

"సారూ, గా సిస్టంల ఒక చీరెకు ఎంతమంది పేర్లు రాయొచ్చు?"

అందరూ నవ్వారు. ఒకాయన, "చీరెకేం పేర్లమ్మా, బారసాల జేస్తరా?" అన్నాడు. నేను కూడా నవ్వాను. దాచడమెందుకు, నవ్వాను. తరువాత సిగ్గనిపించి ఆ ప్రశ్నను చివరన చేర్చి రెండు మార్కులు వేశాను. నూట ముప్పై రెండులో రెండు.

పరీక్ష ఎలా జరిగిందంటే, ఒకే చీరను మూడింటిలోనూ పెట్టి చూశాం. మొదటిదాంట్లో నేను ఎంత రాసినా కింద "రచయిత: అడ్మిన్" అని పడింది. అడ్మిన్ ఎవరని అధ్యక్షుడు అడిగాడు. నేనే అన్నాను. "మీరెప్పుడు నేసిన్రు సారూ?" అన్నాడు. దాన్ని మార్చుకోవచ్చుగానీ అక్కడ ఒక్క పేరే పడుతుంది. రెండోదాంట్లో "అమ్మేవారు" అని ఒక్క గడి ఉంది, అందులోనూ ఒక్కటే పేరు. ఇక మూడోది చూపించడానికి కంపెనీ నుంచి ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన్ని మావాళ్లు పెట్టిన కష్టం పగవాడికి కూడా వద్దు.

"ముందుగాల పేజీని గ్రాఫ్ మీద గీసి ఇయ్యున్రి," అన్నాడు అధ్యక్షుడు.

"అక్కర్లేదు సార్, పెట్టి చూద్దాం. నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు."

"తర్వాత ఎట్ల మారుస్తరు? రంగుల ముంచినంక మారుతదా?"

ఆయన మార్చి చూపించాడు. రంగు మార్చాడు, ఫొటో జరిపాడు, చెరిపాడు, చెరిపింది మళ్లీ తెచ్చాడు. మావాళ్లకు అది చేతకాని పనిలా కనిపించింది. ఆలోచించి కట్టినవాడికి విప్పే పని ఎందుకొస్తుంది? చివరికి ఆయన గ్రాఫ్ కాగితం తీసుకుని గళ్లు లెక్కపెట్టి పేజీ గీశాడు. అధ్యక్షుడి ఫొటోకు పన్నెండు గళ్లు, చీరకు ఎనిమిది. కాగితం మీద అందరూ సంతకాలు పెట్టాకే పని మొదలైంది. పేజీ గీయడానికి, ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కంప్యూటరులో చేయడానికి రెండు రోజులు.

మూడోదే గెలిచింది. అందులో ఏది పెట్టినా, ఏది మార్చినా కార్యదర్శి, ఒక ఉపాధ్యక్షుడు, అధ్యక్షుడు ముగ్గురూ తమ ఫోన్లలో ఒప్పుకుంటేగానీ బయటికి కనపడదు. ఆ జాగ్రత్తకు ముచ్చటపడి నేను పదికి పది వేశాను. ఒక చీరకు ఎన్ని పేర్లయినా రాసుకోవచ్చు. ఆ రెండు మార్కులూ దానికే పడ్డాయి. ఇంటికి పోయి వదినకు చెబితే ఆమె రబ్బరు పట్టీ పళ్ల మధ్య పెట్టుకునే నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇక పేర్లు రాసే రోజు వచ్చింది. "తయారుచేసినవారు" అన్న గడిలో ఎన్ని పేర్లయినా పడతాయని తెలియగానే కమిటీ ఏం చేసిందో ఊహించగలరా? గౌరవ అధ్యక్షుడు, అధ్యక్షుడు, ఉపాధ్యక్షులిద్దరు, కార్యదర్శి, కోశాధికారి, సలహాదారు. ప్రతి చీరకూ ఈ ఏడుగురే. మా ఊళ్లో కొబ్బరికాయ కొట్టినా, శిలాఫలకం వేసినా ఆ వరసలోనే పేర్లు రాస్తారు. గడి కనపడితే చేయి తనంతట తానే ఆ వరస రాసేస్తుంది. సొమ్మొకరిది సోకొకరిది అని నేను అరిచాను. టేబుల్ మీద కొట్టాను కూడా. ఏడుగురూ నొచ్చుకున్నారు. రెండు గంటల గొడవ తరువాత రాజీ కుదిరింది: ఒక చీరకు ఒకే పేరు, సంఘం కార్డు మీద ఏ పేరుంటే అదే.

నేను గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చి కూర్చుని ఒక్కో చీరకు పేరు కొట్టాను. మా చీరల దగ్గరికి వచ్చేసరికి అన్న పేరు కొట్టాను. ఎవరూ నా చేయి పట్టుకుని కొట్టించలేదు. తెర మీద అన్న పేరు అంత పెద్ద అక్షరాల్లో కనపడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు వదిన గుర్తే రాలేదు.

పిలిచి చూపించాను. ఆమె కూడబలుక్కుని చదివింది. కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

"మంచిగుంది మీ అన్న పేరు," అని కట్టే పని మీదికి పోయింది.

అది మెచ్చుకోలు అనుకున్నాను. ఇన్నేళ్లు పిల్లల ముఖాలు చూసి ఎవడికి లెక్క అర్థమైందో, ఎవడికి కాలేదో చెప్పినవాణ్ని.

సైట్ ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నా ల్యాప్‌టాప్‌కు అడ్డంగా రిబ్బను కట్టి కత్తెరతో కత్తిరించారు. ఎంతమంది చూశారో చెప్పే అంకె మొదటి వారంలోనే వందలు దాటింది. అధ్యక్షుడు పొద్దునొకసారి, చాయ్ తరువాత ఒకసారి, అన్నం తరువాత ఒకసారి తన ఫొటో చూసుకునేవాడని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. సైట్‌లో రెండు నంబర్లు ఉన్నాయి, ఒకటి అధ్యక్షుడిది, ఒకటి నాది. నగరంలో దుకాణం ఉన్న ఒకావిడ మాట్లాడింది. మా చీరల్లో ఒకదాన్ని, నీలం మీద తెల్లటి ఏనుగుల వరస ఉన్నదాన్ని చూశానని, అలాంటివి పాతిక చీరలు కావాలని అంది. నేసినవారితో మాట్లాడించమంది.

"ఆయన మా అన్నయ్య అమ్మా. నిరుడు కాలం చేశారు."

"అయ్యో, క్షమించండి. అయితే ఆ డిజైన్లు ఆయనతోనే పోయినట్టేనా?"

వదిన మూడు అడుగుల దూరంలో చట్రం ముందు కూర్చుని ఉంది. చేతులు ఆగిపోయాయి. కాదమ్మా, డిజైన్ వేసినావిడ ఇక్కడే ఉంది, ఇదిగో ఇస్తున్నాను అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను మాత్రం సైట్‌లో ఒకటుండి నోటితో ఇంకోటి చెబితే నమ్ముతుందా అని లెక్కలు వేస్తున్నాను. అవతల ఆవిడ ఇంకోసారి "సారీ అండి" అని పెట్టేసింది.

వదిన ముడి బిగించింది. "నువ్వు సదువుకున్నోనివి సారూ. నువ్వు రాసిందే నిజమైతది," అంది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

నేను వెంటనే తిరిగి ఫోన్ చేశాను. కలవలేదు. మర్నాడు కలిసింది. "మీ అధ్యక్షుల వారితో మాట్లాడానండి, అదే డిజైన్ వాళ్లింట్లో చేయిస్తామన్నారు," అంది ఆవిడ. ఆ డిజైన్ మా వదినది అన్నాను. "మరి సైట్‌లో వేరే పేరుందే?" అంది. ఎవరు రాశారని ఆవిడ అడగలేదు, అది ఆవిడ మంచితనం.

రెండు రోజులకు అధ్యక్షుడు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. చంకలో నూలు కట్ట. వదిన ముందు దించాడు.

"చెల్లె, గా ఏనుగుల డిజైన్ జర కట్టియ్యాలె. కూలి ఎక్కువే ఇస్త. నీకంటె మంచిగ ఎవరికొస్తది?"

మా అమ్మ తరఫున ఆయన మాకు దూరపు బంధువు. వదినను చెల్లెలిలా చూస్తానని పది మందిలో చెబుతుంటాడు. వదిన నూలు చూసింది, చేత్తో ఒకసారి నిమిరింది. మళ్లీ ఆయన వైపు జరిపింది.

"కడత అన్నా. సైటుల గా చీరె కింద నా పేరు వడాలె. సగం చీరెలు నా మగ్గం మీద నేయాలె."

"పేరుదేమున్నది చెల్లె, వచ్చే మీటింగుల పెడ్దం."

"పెట్టున్రి. మీటింగైనంకనే నూలు దెచ్చుకోన్రి. గ్రాఫ్ కాయితం నా సందూకల ఉన్నది, యాడికి పోదు."

అధ్యక్షుడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆయన దుకాణం ఆవిడకు తారీఖు చెప్పేసి వచ్చాడన్నది ఆయన ముఖం మీదే రాసి ఉంది. కాసేపు ఫోను అటూ ఇటూ తిప్పాడు. కార్యదర్శికి ఫోన్ చేశాడు, ఉపాధ్యక్షుడికి చేశాడు. వ్రతం కోసం గుట్టకు పోయిన ఉపాధ్యక్షుడు కొండ మీద క్యూలో నిలబడి ఫోనులో సరేనన్నాడు. "సగం నేసుడు గూడ నీ ఇంట్లనే చెల్లె, సరేనా?" అన్నాడు అధ్యక్షుడు. తరువాత నా వైపు తిరిగాడు. "రాయి సారూ, ఇప్పుడే రాయి. ముగ్గురం ఒప్పుకుంటున్నం." నాలుగు నెలలు గళ్లు లెక్కపెట్టిన కమిటీ చాయ్ చల్లారేలోపు పని ముగించింది.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. అన్న పేరు పక్కన ఇంకో పేరుకు చోటు తీశాను. గడి ఖాళీగా తెరుచుకుంది. వేళ్లు అక్షరాల మీద పెట్టాను. అక్కడే ఆగిపోయాను.

మా అమ్మ ఆమెను పెద్ద కోడలా అనేది. అన్న ఏమే అనేవాడు. పిల్లలు అమ్మ అన్నారు, ఊరు మా అన్న పెండ్లాం అంది, నేను వదిన అన్నాను. రేషను కార్డులో ఆమె పేరు ఉంటుంది, ఆ కార్డు నేనే ఎన్నోసార్లు పట్టుకుని లైనులో నిలబడ్డాను. ఎంత గుర్తు చేసుకున్నా ఆ పేరు రాలేదు.

"వదినా," అన్నాను, "నీ పేరేంది?"

అధ్యక్షుడు నవ్వబోయి మానుకున్నాడు. ఆయనకూ తెలియదని అప్పుడు నాకు అర్థమైంది.

వదిన అప్పటికే నూలు ముందుకు లాక్కుని ఒక కొస చట్రానికి చుడుతోంది. తలెత్తలేదు.

"ముప్పై ఏండ్ల సంది నీకు అన్నం వెడుతున్న సారూ," అంది.

తరువాత తన పేరు చెప్పింది. ఇంకోసారి అడిగి రాసుకున్నాను.